పదకొండో పెట్టెలో చిత్తు కాగితాలు

ఆ ఫ్లాటులో స్నానాల గది ఒకటి, మనుషులు ముగ్గురు. ముగ్గురిలో పొద్దున్నే ఎక్కడికీ వెళ్ళే పని లేనివాడు ఒక్కడే, రిటైరైన తండ్రి. అందుకని అందరికంటే ముందు ఆయనే లోపలికి దూరి గడియ పెట్టుకునేవాడు. ఆఫీసు బస్సు పట్టుకోవాల్సిన కూతురు నోట్లో బ్రష్షుతో తలుపు బయట నిలబడి, "మీరిద్దరూ నా దగ్గరికి వచ్చెయ్యండి, రెండు నెలలే కదా" అని ఏడు నెలల కిందట తన నోటితోనే అన్న మాటని నెమరేసుకునేది.

తప్పు ఎవరిదీ కాదు. అమ్మానాన్నలు అద్దెకున్న ఇంటిని యజమాని అమ్మేశాడు. ఇంకో ఇల్లు చూసుకునేలోపు సామానంతా పద్నాలుగు పెట్టెల్లో సర్ది, ఒక సోఫా, ఒక బీరువాతో సహా ఊరి చివర గోదాములో గది అద్దెకి తీసుకుని పెట్టారు. కూతురి రెండు గదుల్లో ఒక గదిని వీళ్ళు ఆక్రమించారు. ఇప్పటికి ఇల్లు కుదిరింది. కింది అంతస్తు, వీధి వైపు ఒక గది. ఆ గది కోసమే తల్లి ఆ ఇల్లు ఒప్పుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళు పాత వీధిలో కుట్టుమిషను నడిపిన మనిషి. అక్కడ ఆవిడ పేరు ఎవరికీ తెలీదు, అందరికీ టైలరమ్మే. కొత్త గదిలో షాపు తెరుస్తున్నానని చెప్పగానే పాతవాళ్ళు పదకొండు మంది బట్ట కొని పెట్టుకున్నారు. ఆ ఇల్లు అద్దెకిచ్చే ఇంటాయనకి మాత్రం ఆ ముందు గది కావాలో వద్దో వచ్చే ఆదివారం లోపల చెప్పాలి. వద్దంటే చెప్పులషాపు వాడు కాచుకుని కూర్చున్నాడు.

ఆ రోజు కూడా తండ్రి స్నానాల గదిలో ఉండగానే ఫోన్ మోగింది. తల్లి ఎత్తింది. గోదాము నుంచి. అవతలి అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడిందంటే, వింటుంటేనే తల్లికి భయమేసింది. వానలకి గోడ కాస్త చెమ్మగిల్లిందట. మీ గదిని ఒకసారి వచ్చి చూసుకుంటే బాగుంటుందట. తొందరేం లేదట, ఇవాళే వస్తే మంచిదట.

"కాస్త చెమ్మేగా," అన్నాడు తండ్రి తల తుడుచుకుంటూ. ఆయన పార్సిలు ఆఫీసులో ముప్పై రెండేళ్ళు చేసి సూపర్వైజరుగా దిగిపోయాడు. దిగిపోయింది ఆఫీసులోనే. ఇంట్లో ఇంకా సర్వీసులోనే ఉన్నాడు.

గోదాములో వరసగా ఇనప షట్టర్లు, పైన మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్లు. వాళ్ళ షట్టరు ఎత్తగానే లోపలి గాలి వచ్చి ముఖాన తడిగుడ్డలా కొట్టింది. సోఫాకి బూడిదరంగు గడ్డం మొలిచింది. దాని వెనకాల మూడు పుట్టగొడుగులు గొడుగులు విప్పుకుని నిలబడ్డాయి. ఈ ఏడు నెలల్లో ఆ కుటుంబంలో కొత్తగా ఏదైనా పెరిగిందంటే అవే.

పెట్టెల మీద సూపర్వైజరు చేత్తో, లావుపాటి నల్ల అక్షరాలు. విరిగిన బకెట్లు. పాత చెప్పులు, జత కానివి. పనికిరాని తీగలు. చిరిగిన దిళ్ళు. పగిలిన కుండీలు. నిజానికి బకెట్ల పెట్టెలో మిక్సీ ఉంది, చెప్పుల పెట్టెలో డిన్నర్ సెట్టు, తీగల పెట్టెలో ఆయన రేడియో. ఇది ఆయన సిద్ధాంతం, వట్టి అనుభవం మీద కట్టింది. పార్సిలు ఆఫీసులో "గాజు, జాగ్రత్త" అని రాసిన పెట్టెనే అందరూ ఎత్తెత్తి విసిరేవారు. "విలువైనవి" అని రాసిన పెట్టె ఏనాడూ చేరాల్సిన చోటికి చేరలేదు. ముప్పై రెండేళ్ళలో ఒక్కసారి కూడా దారి తప్పని పార్సిలు మొక్కల ఎరువుది. అందుకని ఇల్లు సర్దేటప్పుడు పెట్టెలన్నిటి మీదా చెత్త పేర్లు రాశాడు. గోదాములో ఇచ్చిన ఫారంలో కూడా, పెట్టె మీదొకటి కాగితం మీదొకటి ఉంటే అనుమానమొస్తుందని, అవే పేర్లు ఎక్కించి సంతకం పెట్టాడు.

తల్లి సోఫాని చూడలేదు, బీరువాని చూడలేదు. నేరుగా వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. అట్టడుగున, గోడకి ఆనుకుని పదకొండో పెట్టె. దాని మీద "చిత్తు కాగితాలు" అని ఉంది. రెండు చేతులా ఎత్తబోతే పెట్టె పైకొచ్చింది, అడుగు నేలమీదే ఉండిపోయింది.

అవి కొలత కాగితాలు. ఒక మనిషికి ఒక కాగితం. దళసరి గోధుమరంగు కాగితాన్ని ఆ మనిషి ఒంటికి సరిగ్గా సరిపోయేలా కత్తిరించి, మూల పేరు రాసి, చుట్టి పెట్టుకునేది. ఎవరైనా ఐదేళ్ళ తర్వాత బట్ట పంపినా మనిషి రానక్కర్లేదు, కాగితం తీస్తే మనిషి వచ్చినట్టే. రెండు వందల పద్దెనిమిది మంది. ఇప్పుడు అందరూ ఒకరికొకరు అతుక్కుపోయి తడి ఇటుకలా ఉన్నారు. ఆవిడ ఒక మూల గోటితో లేపి చూసింది. లేచింది కాగితం కాదు, ముక్క.

"ఫోటోలు తీశాను," అన్నాడు సూపర్వైజరు వెనక నుంచి. ఆయన గొంతులో బాధ ఉందిగానీ, దాని కింద ఇంకేదో హుషారు ఉంది. రిటైరయ్యాక ఆయనకి పోట్లాడే పని దొరకడం ఇదే మొదలు. అన్నిటికంటే పైనున్న రేడియో పెట్టెని దింపి, చుట్టిన మూడు దుప్పట్లూ విప్పి, తిప్పి చూసుకున్నాడు. చెక్కు చెదరలేదు. "వీళ్ళని వదలను. ప్రతి వస్తువుకీ నష్టపరిహారం కక్కిస్తాను."

ఆవిడ ఆ ఇటుకని ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చింది. బస్సులో పక్క సీటామె, బేకరీ నుంచా అని అడిగింది.

తర్వాతి రెండు రోజులూ ఇంట్లో అర్జీ తయారైంది. సూపర్వైజరు తొమ్మిది చిత్తు ప్రతులు రాశాడు. ప్రతి ప్రతీ పైకి చదివి వినిపించాడు. కూతురు ఒక ఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తుంది. రోజుకి ఎనిమిది గంటలు ఊళ్ళోవాళ్ళ ఫిర్యాదులు విని ఇంటికొచ్చి, జీతం లేకుండా నాన్న ఫిర్యాదు వినేది.

"నాన్నా, నాలుగు పేజీలు ఎవరూ చదవరు," అంది. "మూడో లైను దాటాక నేనే చదవను. నాకైతే జీతమిస్తారు."

చెమ్మ చరిత్రంతా చెప్పే మొదటి రెండు పేజీలు తీసెయ్యమంది. ఆయన ఒక్క పేరా తీసి ఇంకో రెండు కలిపాడు. తల్లి ఏ ప్రతీ వినలేదు. ఆ ఇటుకని కిటికీ దగ్గర పెట్టి, వస్తూ పోతూ దానివైపు చూసేది, జ్వరమొచ్చిన పిల్లని చూసినట్టు.

గురువారం నాడు ఇద్దరూ గోదాము మేనేజరు ముందు కూర్చున్నారు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు, ఏది చెప్పినా తనకే నష్టమైనట్టు ముఖం పెడతాడు. సూపర్వైజరు అర్జీ చదవడం మొదలుపెట్టేలోపే మేనేజరు డ్రాయరులోంచి ఒక కాగితం తీశాడు. అది సూపర్వైజరు సంతకం పెట్టిన ఫారం.

"ఒక్కొక్కటే చూసుకుందాం సార్. ఒకటో పెట్టె, విరిగిన బకెట్లు. ఎన్ని పాడయ్యాయి?"

"అందులో బకెట్లు లేవు."

"రెండోది పాత చెప్పులు, జత కానివి. ఇవైనా ఉన్నాయా?"

"లేవు. డిన్నర్ సెట్టు."

మేనేజరు పెన్ను కింద పెట్టాడు. మరి చెప్పులని ఎందుకు రాశారని అడిగాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. సూపర్వైజరు గొంతు సవరించుకుని పార్సిలు ఆఫీసు అనుభవమంతా చెప్పాడు. మొక్కల ఎరువు దాకా వచ్చి, దొంగలు ఎత్తుకుపోకూడదనే ఈ ఏర్పాటు అని ముగించాడు.

"ఇక్కడ దొంగలెవరున్నారు సార్," అన్నాడు మేనేజరు. "ఇక్కడుండేది మేమే."

ఆ తర్వాత మేనేజరు, తనకి ఇష్టం లేకపోయినా, నిబంధనలు వివరించాడు. దారులు రెండే. ఫారంలో ఉన్నది నిజమనుకుంటే, పదిహేడో నిబంధన ప్రకారం గోదాములో చెత్త నిల్వ చెయ్యకూడదు. పైగా మా ఇంజనీరు చూసి, చెమ్మ పదకొండో పెట్టెలోని చిత్తు కాగితాలు పీల్చుకోవడం వల్లే గదంతా పాకిందని రాశాడు. కాబట్టి శుభ్రం చేసే ఖర్చు మీరే కట్టాలి. పక్కవాళ్ళ గదిలో పాడైతే అది కూడా. అలా కాదు, ఫారంలో ఉన్నది అబద్ధమనుకుంటే, కింద "పైవన్నీ నిజమే" అని సంతకం ఉంది కాబట్టి, మీకు ఇచ్చేది ఏమీ ఉండదు.

"ఏది రాయమంటారో మీరే చెప్పండి," అన్నాడు.

నష్టపరిహారం కోసం వచ్చినవాళ్ళకి నష్టం కట్టమని లెక్క తేలింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. రోకలి మాత్రం సొంతది.

తల్లి మొట్టమొదటిసారి నోరు విప్పింది. "అవి చిత్తు కాగితాలు కావు."

"ఆ మాట నేనలేదమ్మా," అన్నాడు మేనేజరు ఎంతో మర్యాదగా. "సారు రాశారు."

ఇంటికి వచ్చే దారంతా సూపర్వైజరు నిబంధనల్ని తిట్టాడు, ఇంజనీరుని తిట్టాడు, ఆ మేనేజరు నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంటాడు, గోతులు మాత్రం తవ్వుతాడని తిట్టాడు. గోదాము వెనక గోడలోంచి నీళ్ళ గొట్టం పోతోందని, అది కారుతోందని తనకి అనుమానమని, పై అధికారికి రాస్తానని చెప్పాడు. ఇంట్లోకి అడుగు పెట్టాక కూడా ఆపలేదు. కూతురు వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. తల్లి చెప్పులు విప్పి, చేతిసంచి తగిలించి, ఆదివారం ఇంటాయనకి ఫోన్ చేసి ముందు గది వద్దని చెప్పేస్తానంది.

"ఎందుకు వద్దు?" అన్నాడు ఆయన. "పదకొండు మంది కాచుకుని ఉన్నారుగా. కాగితాలదేముంది, మళ్ళీ కత్తిరించుకోవచ్చు."

ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆవిడ అలా ఎదురుగా కూర్చోవడం అరుదు. కుట్టేవాళ్ళకి పక్కనుంచి మాట్లాడడం అలవాటు.

"ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. పెట్టెల మీద మీరు రాసినవన్నీ అబద్ధాలు. సరే, దొంగల కోసం. నా పెట్టె మీద రాసింది కూడా అబద్ధమేనా, లేకపోతే మీరనుకున్నదే రాశారా?"

"అదేం ప్రశ్న? అన్నిటికీ ఒకటే పద్ధతి."

"పద్ధతి ఒకటి కాదు. రేడియోకి పనికిరాని తీగలని రాశారు, మూడు దుప్పట్లు చుట్టి అన్నిటికంటే పైన పెట్టించారు. డిన్నర్ సెట్టుకి చెప్పులని రాశారు, పడిపోతుందని సోఫా మీద పెట్టించారు. నాదాన్ని మోసేవాడు చేతుల్లో పట్టుకుని, ఇదెక్కడ పెట్టమంటారు అని అడిగాడు. మీరేమన్నారు?"

ఆయన చేతిలోని అర్జీకి ఇంకో మడత పెట్టాడు. గుర్తు లేక కాదు.

"కింద పడెయ్, కాగితాలేగా, అన్నారు. నేను వెనకే ఉన్నాను. అక్కడ దొంగ ఎవడూ లేడండీ. మీరు, నేను, ఆ మోసేవాడు. ఎవణ్ణి నమ్మించడానికి అన్నారు ఆ మాట?"

వంటింట్లో కుళాయి ఆగింది. కూతురు తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. రోజూ వందమంది అరుపులు వినే పిల్లకి, అరవకుండా మాట్లాడితే ఏం చెయ్యాలో తెలీలేదు.

సూపర్వైజరు కాసేపటికి లేచి, కిటికీ దగ్గరున్న ఇటుకని తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. ఇవి ఏమిటో రుజువు చూపిస్తే ఆ మేనేజరు నోరు మూతపడుతుందని గొణిగాడు. క్షమించమని అడగాల్సిన చోట రుజువు వెతకడం ఆయనకి మొదటినుంచీ ఉన్న జబ్బే.

కెటిలు పెట్టి, ఆవిరి పట్టించి, సన్నటి స్టీలు స్కేలు దూర్చి, ఒక్కొక్క కాగితాన్నీ వెంట్రుకవాసి చొప్పున విడదీశాడు. నాలుగిటికి ఒకటి చిరగకుండా వచ్చేది. వచ్చినవాటిని బట్టలు ఆరేసే తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశాడు. మర్నాడు మధ్యాహ్నానికి బాల్కనీ నిండా చేతులు, భుజాలు, నడుములు వేలాడుతున్నాయి. ఎదుటి ఫ్లాటు పెద్దాయన ఇవేం గాలిపటాలని అడిగితే రుజువులని చెప్పాడు.

రుజువులకి ఒక లోపం ఉంది. పేర్లన్నీ పెన్నుతో రాసినవి, నీలం మరకలై కరిగిపోయాయి. పేరు కింద పెన్సిలుతో చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంది, అది మాత్రం నిలిచింది. పెన్సిలు చెమ్మకి లొంగదు. ఆయన ఒక పొడుగు నోటుపుస్తకం తెచ్చి, వరస నంబర్లు వేసి, ఆ పెన్సిలు రాతలు ఎత్తి రాయడం మొదలుపెట్టాడు. ఆఫీసులో చిరునామాలు పైకి చదువుతూ రాసుకునే అలవాటు, ఇక్కడా పైకే చదివాడు.

"చేతులు ఎప్పుడూ పొడుగే. కుడి మోచెయ్యి దాకా కాలిన మచ్చ. ఎండాకాలమైనా పొట్టిచేతులు అడగదు. మనమూ అడగొద్దు."

ఆయన నంబరు వేసి, పేరు దగ్గర ఖాళీ వదిలాడు.

"మందులషాపావిడ," అంది తల్లి చాలాసేపటికి వంటింట్లోంచి. ఆయనకి కాదు, పొయ్యికి చెప్పినట్టు.

ఆయన రాసుకున్నాడు. "పొట్ట ఉంది. లేదనుకుంటాడు. అనుకోనివ్వాలి."

"బ్యాంకాయన."

"నడుము రెండు వేళ్ళు వదులు. మూడో నెల. ఇంట్లో ఇంకా చెప్పలేదట."

"లెక్కల టీచరమ్మ. ఆ పిల్లకిప్పుడు పదిహేనేళ్ళు." చేతిలో గరిటెతోనే ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. బాల్కనీలోకి రాలేదు.

"ఆపరేషను అయ్యాక ఎడమవైపు లోపల మెత్త. అద్దంలో ఆవిడకి కూడా తెలియకూడదు."

ఈసారి పేరు రావడానికి ఆలస్యమైంది. లైబ్రరీలో పనిచేసేది, పోయి రెండేళ్ళయింది, ఇంక ఆ కాగితంతో పని లేదని తెలుసు, పారెయ్యడానికి చెయ్యి రాలేదు, అంది.

ఆయన పెన్ను ఆగింది. ఈ మనుషులందరినీ ఆయన ఎరుగును. ఇరవై ఎనిమిదేళ్ళు వీళ్ళు తన ఇంట్లోనే, తన కుర్చీ పక్కనుంచే లోపలికి వెళ్ళారు, వచ్చారు. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, ఆడవాళ్ళు గంటలకొద్దీ గుడ్డముక్కల గురించి ఏం మాట్లాడుకుంటారో అనుకునేవాడు. మందులషాపావిడ చేతి మీద మచ్చ ఉందని ఇవాళే తెలిసింది.

తర్వాతి కాగితం వెడల్పుది, మగమనిషిది. చాలాసార్లు దిద్దినట్టుంది, పాత గీతల పక్కన కొత్త గీతలు.

"ఎడమ భుజం అంగుళం మీద పావు కిందికి. బరువులు మోసి మోసి. తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు. కోటు లోపల మెత్త పెట్టాలి, కనపడకుండా. ఏడాదికొకసారి చూసి పెంచాలి." నంబరు వేసుకున్నాడు. "ఇదెవరిది?"

జవాబు రాలేదు.

"నిన్నే. ఎవరిదిది?"

గుమ్మంలో ఆవిడ లేదు. పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. గరిటె కలపడం లేదు. ఆయన మళ్ళీ కాగితం వైపు చూశాడు. భుజానికి ఎదురుగా ఉన్న గీతలు లెక్కపెట్టాడు. తొమ్మిది. తర్వాత ఆయన కుడి చెయ్యి దానంతటదే లేచి ఎడమ భుజం మీదికి వెళ్ళింది.

సూపర్వైజరు కాకముందు ఆయన పద్నాలుగేళ్ళు అదే ఆఫీసులో పార్సిళ్ళు మోశాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఆయన ఎత్తనివ్వడు. రిటైరైన రోజు సభలో ఆయన కోటు వేసుకుని వేదికెక్కితే, పుట్టడమే ఆఫీసరుగా పుట్టినట్టున్నాడని పైవాళ్ళు మెచ్చుకున్నారు. అది తన నిలకడ వల్ల వచ్చిన ఠీవి అనుకున్నాడు. ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు కూడా, మనిషికి ఠీవి లోపల్నుంచి రావాలని. ఆవిడ, అవునండీ, లోపల్నుంచే, అంది.

ఆ మధ్యాహ్నం ఆయన ఇంకేమీ చదవలేదు. టీ ఇస్తే తాగాడు. పైఅధికారికి రాయాల్సిన అర్జీ పదో ప్రతి బల్లమీద సగంలో ఉంది, దాన్ని తిరగేసి వెనకవైపు కాగితాల నంబర్లు రాసుకున్నాడు.

శనివారం కూతుర్ని తోడు తీసుకుని గోదాముకి వెళ్ళాడు. అక్కడ జరిగింది తల్లికి కూతురే చెప్పింది, తను సర్వీసులో చేరాక ఇలాంటి ఫిర్యాదుదారుణ్ణి చూడలేదని మొదలుపెట్టి. నాన్న కూర్చోగానే, ఫారంలో ఉన్నది అబద్ధమని రాసుకోమన్నాడట. అలా రాస్తే పైసా రాదని మేనేజరు రెండుసార్లు హెచ్చరించాడట. మూడోసారి కూతురే హెచ్చరించింది. వినలేదు. మిక్సీ వద్దు, సోఫా వద్దు, డిన్నర్ సెట్టు వద్దు, కానీ మీ ఫైల్లో పదకొండో పెట్టె ఎదురుగా చెత్త అన్న మాట ఉండకూడదన్నాడు. మరేం రాయమంటారంటే, రెండు వందల పద్దెనిమిది మంది కొలత కాగితాలు, ఒక దర్జీ ఇరవై ఎనిమిదేళ్ళ పని, అని చెప్పి రాయించాడు. దాని విలువ ఎంతో వెయ్యమని మేనేజరు గడి చూపించాడు.

"ఏం చెప్పారు?" అంది తల్లి.

"నాకు తెలీదన్నాడు. ముప్పై రెండేళ్ళూ బరువే తూచాను బాబూ, విలువ కట్టడం నాకు రాదు, అన్నాడు. ఆ గడి ఖాళీగానే వదిలి సంతకం పెట్టాడు."

మేనేజరు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడట. గోడలో గొట్టం సంగతి నిజమేనని, మూడు నెలల కిందటే తను పైకి రాశానని, తన అర్జీ కూడా నాలుగు పేజీలని, ఎవరూ చదవలేదని చెప్పాడట. శుభ్రం చేసే ఖర్చు కొట్టేశాడు. తన చేతిలో ఉన్నది అంతే అంటూ మూడు నెలల అద్దె వెనక్కి రాశాడు. ఆ డబ్బుతో సోఫా కాలు కూడా రాదని కూతురు లెక్క చెప్పింది. సూపర్వైజరు ఆ లెక్క వినడానికి ఇంట్లోకి రాలేదు, చెప్పులు విప్పే వంకతో గుమ్మం దగ్గరే వంగి ఉన్నాడు. రెండు చెప్పులు విప్పడానికి అంతసేపు పట్టదు.

ఆదివారం పొద్దున తల్లి ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంది. నంబరు నొక్కలేదు. ఆయన వచ్చి నోటుపుస్తకం ఆవిడ ముందు పెట్టాడు. యాభై మూడు నంబర్లు. అక్షరం అక్షరం గుండ్రంగా, ఏ రిజిస్టరులోనూ రాయనంత జాగ్రత్తగా రాశాడు. సగం పేర్లు ఖాళీ.

"యాభై మూడే దక్కాయి," అన్నాడు. "మిగతావి రాలేదు. పేర్లు నువ్వు చెప్పాలి."

ఆవిడ పేజీలు తిప్పింది. ఆయన కూర్చోలేదు.

"ఆ రోజు నువ్వడిగిందానికి జవాబు చెప్పలేదు నేను," అన్నాడు. "మిగతా పెట్టెల మీద రాసిందే అబద్ధం. నీ పెట్టె మీద రాసింది అబద్ధం కాదు. నేననుకున్నదే రాశాను."

ఆవిడకి తెలుసు. గురువారం నుంచి కాదు, చాలా ఏళ్ళ నుంచి తెలుసు. తెలిసిన మాటే అయినా ఆయన నోట వినేసరికి కళ్ళు నిండిపోయాయి. అబద్ధమే అని మళ్ళీ బుకాయిస్తాడనుకుంది, దానికి సిద్ధంగా ఉంది. దీనికి సిద్ధంగా లేదు. కాసేపు నోటుపుస్తకాన్ని తడవకుండా దూరంగా పట్టుకుని ఏడ్చింది. ఆయన చేతిరుమాలు కోసం జేబులన్నీ వెతికి, దొరక్క, బల్లమీది టవలు ఇచ్చాడు.

"మీ మాటకేం," అంది ముఖం తుడుచుకుని. "కాగితాలు కాగితాలే. మనుషులు ఉన్నారుగా. వచ్చినవాళ్ళని వచ్చినట్టు కొలుచుకుంటాను. యాభై మూడు తక్కువేం కాదు."

ఫోన్ చేసి, ముందు గది తనకే కావాలని, రేపొచ్చి వెలుతురు ఏ వైపు నుంచి పడుతుందో చూసుకుంటానని ఇంటాయనకి చెప్పింది. చెప్పులషాపు వాడి గురించి ఇంటాయన ఏదో అంటే, వాడి కోటు కూడా నేనే కుడతానని చెప్పమంది. తర్వాత కూతురి గోడ మీద ఉన్న కేలెండరు అడగకుండానే దింపి, అయిపోయిన నెలలు చింపి, వెనకవైపు పైకి వచ్చేలా నేలమీద పరిచి అంటించింది. టేపు మెడలో వేసుకుంది.

"ఇలా వచ్చి నిలబడండి."

"నాకిప్పుడు కొత్త కోటెందుకు?"

"కోటు కాదు, కాగితం. ఎవరో ఒకరితో మొదలుపెట్టాలిగా."

ఆయన వెళ్ళి వెలుతురులో నిలబడ్డాడు. నిలబడుతూనే అలవాటు ప్రకారం ఛాతీ విరిచి, గడ్డం ఎత్తి, ఎడమ భుజాన్ని బలవంతంగా పైకి లాగి పట్టాడు. ఆవిడ టేపు పెట్టలేదు. వెనక నిలబడి ఊరుకుంది.

"అలా కాదు," అంది. "ఎలా ఉంటారో అలా ఉండండి."

ఆయన ఊపిరి వదిలాడు. భుజం మెల్లగా కిందికి దిగి, తన చోటికి తను వచ్చి ఆగింది. ఆవిడ టేపు పెట్టి చూసింది. మళ్ళీ పెట్టి చూసింది. ఇన్నేళ్ళుగా ఎప్పుడూ మనసులోనే అనుకుని రాసుకున్న కొలత.

"పైకి చెప్పు," అన్నాడు ఆయన, గోడవైపు చూస్తూనే. "అమ్మాయి రాసుకుంటుంది."

కూతురు పెన్సిలు తీసుకుని నేలమీద కూర్చుంది.

"ఎడమ భుజం," అంది తల్లి, "అంగుళమున్నర కిందికి."